తప్పు దొరికితే చెప్పాలి – గ్రేస్ హోపర్ జీవితం



కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే వినే మాట ‘బగ్’. అంటే పురుగు. మనం రాసిన ప్రోగ్రాంలో తప్పుంటే బగ్ ఉందంటారు. ఆ తప్పును వెతికి సరిచేయడాన్ని డీబగ్గింగ్ అంటారు. ఈ మాట వెనుక ఉన్న కథను ఊరూరా తిరిగి చెప్పి, లోకమంతటికీ గుర్తుండేలా చేసిన మహిళ గ్రేస్ హోపర్. ఆమె గణిత అధ్యాపకురాలు. నావికాదళ అధికారి. మనిషి రాసిన మాటలను యంత్రానికి అర్థమయ్యే అంకెలుగా మార్చే కంపైలర్‌ను తొలిసారిగా తయారుచేసిన వారిలో ఒకరు. తప్పు జరిగితే దాచకూడదని, అందరికీ కనిపించేలా రాసిపెడితేనే పని బాగుపడుతుందని ఆమె జీవితం మొత్తం మనకు చెబుతుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆమె జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

బాల్యం – విద్య

గ్రేస్ 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి వాల్టర్ ముర్రే బీమా వ్యాపారం చేసేవారు. తల్లి మేరీకి లెక్కలంటే ఇష్టం. ముగ్గురు పిల్లల్లో గ్రేస్ పెద్దది. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఒక గడియారం విప్పింది. మళ్లీ బిగించడం రాలేదు. రెండోది విప్పింది. అలా ఇంట్లోని ఏడు గడియారాలూ విప్పేసింది. తల్లి కొట్టలేదు, తిట్టలేదు. ఇకమీదట ఒక్క గడియారంతో ఆడుకోమని చెప్పి, మిగతావి ముట్టుకోనివ్వలేదు.

తండ్రికి రక్తనాళాల జబ్బు వచ్చి రెండు కాళ్లూ తీసేయవలసి వచ్చింది. తన ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియదు కనుక కొడుకుతో సమానంగా ఆడపిల్లలూ చదువుకుని తమ కాళ్లపై తాము నిలబడాలని ఆయన పట్టుబట్టారు. ఆ రోజుల్లో అలా ఆలోచించిన తండ్రులు తక్కువ.

16వ ఏట వాసర్ కళాశాలలో చేరడానికి గ్రేస్ ప్రయత్నించింది. లాటిన్ భాషలో మార్కులు తక్కువ వచ్చాయని సీటు ఇవ్వలేదు. మన పిల్లలు ఎందరికో ఇంగ్లీషు ఎలా అడ్డు వస్తుందో, ఆమెకు లాటిన్ అలా అడ్డు వచ్చింది. ఒక ఏడాది ఆగి, మళ్లీ చదివి, మరుసటి సంవత్సరం చేరింది. 1928లో గణితం, భౌతికశాస్త్రాలలో పట్టా పొందింది. 1930లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., 1934లో అక్కడే గణితంలో పిహెచ్.డి. పూర్తిచేశారు. 1930లో విన్సెంట్ హోపర్‌ను వివాహం చేసుకోవడంతో గ్రేస్ హోపర్ అయ్యారు. 1931 నుంచే వాసర్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

ఆమె పాఠం చెప్పే పద్ధతి వేరు. లెక్కల తరగతిలో విద్యార్థులచేత వ్యాసాలు రాయించేవారు. ఇది లెక్కల క్లాసా, భాష క్లాసా అని పిల్లలు సణిగేవారు. తనకు తెలిసినది ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ లెక్క వచ్చినా ఉపయోగం లేదని ఆమె అభిప్రాయం. తరువాత ఆమె చేసిన పనులన్నిటికీ ఈ నమ్మకమే పునాది.

నావికాదళంలో

1941 డిసెంబరులో అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. గ్రేస్ నావికాదళంలో చేరాలనుకున్నారు. వయసు ఎక్కువన్నారు. బరువు ఉండవలసిన దానికంటే సుమారు 7 కిలోలు తక్కువన్నారు. లెక్కల అధ్యాపకురాలిగా కళాశాలలోనే అవసరమన్నారు. ఆమె పట్టు వదలలేదు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబరులో రిజర్వు దళంలో చేరారు. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. శిక్షణలో తనకంటే ఎంతో చిన్నవారి మధ్య ప్రథమ స్థానంలో నిలిచారు.

1944 జులైలో ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ హోవర్డ్ ఐకెన్ ఆధ్వర్యంలో మార్క్-1 అనే యంత్రం ఉంది. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, సుమారు 5 టన్నుల బరువు. ఇంత పెద్ద యంత్రం సెకనుకు మూడు కూడికలు మాత్రమే చేసేది. చెప్పవలసిన పనిని కాగితపు టేపు మీద రంధ్రాలుగా పొడిచి ఎక్కించాలి. ఒక్క రంధ్రం తప్పుచోట పడితే లెక్క మొత్తం తప్పు. ఆ యంత్రానికి పనిచెప్పిన తొలి ప్రోగ్రామర్లలో ఆమె ఒకరు. యంత్రాన్ని వాడే విధానమంతా 500 పేజీలు దాటిన పుస్తకంగా ఆమె సిద్ధం చేయగా, 1946లో అచ్చయింది.

రిలేలో పురుగు

1947 సెప్టెంబరు 9. హార్వర్డ్‌లోనే తయారైన మార్క్-2 అనే యంత్రం సరిగా పనిచేయడం లేదు. సిబ్బంది ఒక్కొక్క భాగమే చూసుకుంటూ వెళ్లారు. ఎఫ్ ప్యానెల్‌లో 70వ నంబరు రిలేలో ఒక రెక్కల పురుగు చిక్కుకుని కనిపించింది. దాన్ని తీసి పారేయలేదు. రోజువారీ లాగ్‌బుక్‌లో సమయం వేసి, ఆ పేజీలోనే పురుగును టేపుతో అంటించారు. బగ్ నిజంగా దొరకడం ఇదే మొదటిసారి అని పక్కన సరదాగా రాశారు. ఆ పుస్తకం పురుగుతో సహా ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పురుగును గ్రేస్ హోపరే పట్టారని, బగ్ అనే మాట ఆమే పుట్టించారని చాలాచోట్ల రాస్తుంటారు. అది సరికాదు. యంత్రాల్లో లోపాన్ని బగ్ అనడం ఎడిసన్ కాలంనుంచే, అంటే 1870లనుంచే ఉంది. పురుగు దొరకబుచ్చుకున్నది ఆమె తోటి సిబ్బంది. ఆ కథను జీవితాంతం చెప్పి ప్రచారం చేసినది మాత్రం ఆమె. తప్పులు దిద్దడం గురించి చెప్పే వ్యాసంలోనే తప్పు ఉండకూడదు కదా!

ఆ లాగ్‌బుక్ పేజీలో గొప్పతనం పురుగులో లేదు, రాసిపెట్టడంలో ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఏమి దొరికింది అన్న మూడు సంగతులూ అందులో ఉన్నాయి. మరుసటి రోజు డ్యూటీకి వచ్చినవారు ఎవరినీ అడగకుండానే తెలుసుకోవచ్చు.

నోటు పుస్తకాలనుంచి కంపైలర్ దాకా

హార్వర్డ్‌లో మరో అలవాటు ఉండేది. ఒకసారి సరిగ్గా పనిచేసిన ప్రోగ్రాం ముక్కను నోటు పుస్తకంలో రాసిపెట్టుకునేవారు. ఇంకొకరికి అదే అవసరమైతే ఆ పుస్తకం చూసి ఎత్తి రాసుకునేవారు. మన హాస్టల్లో సీనియర్ల నోట్సు జూనియర్లకు చేరినట్టే. అయితే ఎత్తి రాసేటప్పుడు తప్పులు దొర్లేవి. ఒక గుర్తు బదులు ఇంకొకటి పడేది. అంకెలు తారుమారయ్యేవి. కొత్త ప్రోగ్రాంలో ఆ ముక్క ఎక్కడ కూర్చోవాలో చూసి చిరునామా అంకెలన్నీ మార్చి కూడుకోవాలి. అక్కడ మరిన్ని తప్పులు. మనుషులు కాపీ రాయడంలోనూ కూడికలోనూ పొరపాట్లు చేస్తారు, ఈ రెండు పనులూ యంత్రం బాగా చేస్తుంది, మరి యంత్రానికే ఎందుకు అప్పగించకూడదని ఆమె ఆలోచించారు.

ఆ ఆలోచన ఫలించడానికి ముందు ఆమె కష్టకాలం చూశారు. 1945లో భర్తతో విడాకులయ్యాయి. 1946లో నావికాదళం రెగ్యులర్ సర్వీసులోకి తీసుకోవడానికి వయసు మీరిందని తిరస్కరించింది. 1949లో హార్వర్డ్‌ను వదిలి ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్–మాక్లీ కంప్యూటర్ సంస్థలో చేరారు. ఆ రోజుల్లో మద్యానికి అలవాటు పడ్డారు. ఆ ఏడాది చివర్లో పోలీసుల దాకా కూడా వెళ్లింది. ఒక మిత్రుడు మొహమాటపడకుండా ఆమె పరిస్థితి ఆమెకే ఉత్తరం రాసి చెప్పాడు. క్రమంగా ఆ దశ దాటి పనిలో నిలబడ్డారు. మంచి మిత్రుడు మన లోపాన్ని మన వెనుక చెప్పడు, మనకే చెబుతాడు.

ఆ కాలంలోదే ఒక సరదా సంగతి ఆమె చెప్పుకునేవారు. పని చేసే యంత్రంలో లెక్క ఎనిమిది ఆధారంగా ఉండేది. ఆఫీసులో రోజంతా ఆ లెక్కలు చేసి చేసి, ఇంటికొచ్చి బ్యాంకు ఖాతా చూసుకుంటే మూడు నెలలైనా బ్యాలెన్సు కలవలేదు. చివరికి బ్యాంకులో పనిచేసే తమ్ముడికి చూపించారు. అక్కయ్య అక్కడక్కడ ఎనిమిది ఆధారంగా తీసివేతలు చేసిందని అతను పట్టేశాడు. గణితంలో డాక్టరేటు ఉన్నవారికి కూడా తమ తప్పు తమకు కనిపించలేదు. ఇంకొకరి కన్ను కావలసి వచ్చింది.

1952 నాటికి ఆమె ఏ-0 అనే తొలి కంపైలర్‌ను యూనివాక్ యంత్రంపై నడిపించారు. సరిచూసిన ప్రోగ్రాం ముక్కలన్నిటికీ నంబర్లు వేసి టేపు మీద ఉంచారు. నంబరు చెబితే చాలు, యంత్రమే ఆ ముక్కను తెచ్చి, చిరునామాలు సరిచేసి, జోడించి ప్రోగ్రాం తయారుచేసేది. చాలామంది నమ్మలేదు. కంప్యూటర్ లెక్కలు మాత్రమే చేస్తుంది, ప్రోగ్రాం ఎలా రాస్తుందని అన్నారు. పనిచేస్తున్న దానిని ముట్టుకోవడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదని ఆమె తరువాత గుర్తు చేసుకునేవారు.

కోడ్‌తో సహా పంపారు

1953లో దాని తరువాతి రూపం ఏ-2 సిద్ధమైంది. ఇక్కడ ఆమె చేసిన పని ఈనాటి విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. యూనివాక్ యంత్రం వాడే సంస్థలకు ఏ-2ను సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చారు. అంటే వండిన కూరతో పాటు వండిన విధానం కూడా చేతికిచ్చారు. వాడి చూడండి, లోపాలుంటే చెప్పండి, మెరుగులు దిద్దితే మాకూ పంపండి అని కోరారు. అలా వచ్చిన సూచనలు తరువాతి రూపాలకు ఉపయోగపడ్డాయి.

‘ఓపెన్ సోర్స్’ అనే మాట 1998లో పుట్టింది. పని మాత్రం అంతకు 45 ఏళ్ల ముందే జరిగింది. ఆ పద్ధతికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా ఏ-2ను చెబుతారు. ఈనాడు ఓపెన్ సోర్స్ భాషలకు పనిచేసేవారు ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉంటారు. ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. ఒకరు తప్పు కనిపెట్టి, ఏ వెర్షన్‌లో, ఏమి రాస్తే, ఏమి రావలసి ఉండగా ఏమి వచ్చిందో వివరంగా రాస్తారు. ఇంకొకరు అదే తప్పు తమ దగ్గరా వస్తుందో లేదో చూస్తారు. మరొకరు దిద్దుబాటు రాస్తారు. దానిపై అందరూ చర్చిస్తారు. కొన్నిసార్లు ఒక తప్పు దిద్దబోతే మరో రెండు పుడతాయి. అందుకే దిద్దిన ప్రతి తప్పుకూ ఒక పరీక్ష రాసి చేరుస్తారు. ఆ తప్పు మళ్లీ తలెత్తితే పరీక్ష పట్టేస్తుంది. హార్వర్డ్ లాగ్‌బుక్‌కు ఇదంతా కొనసాగింపే.

మాటలతో యంత్రానికి పని చెప్పడం

గుర్తులతో, అంకెలతో ప్రోగ్రాం రాయడం లెక్కలు తెలిసినవారికే సాధ్యం. జీతాల పట్టీ రాసే గుమాస్తాకు, సరుకుల లెక్క చూసే ఉద్యోగికి ఆ గుర్తులు అర్థం కావు. మామూలు మాటలతో యంత్రానికి పని చెప్పగలగాలని గ్రేస్ హోపర్ ప్రతిపాదించారు. ఇంగ్లీషు మాటలతో చిన్న నమూనా చేసి పై అధికారులకు చూపారు. మాటలేవైనా యంత్రానికి గుర్తులే కదా అని నిరూపించడానికి అదే ప్రోగ్రాంను ఫ్రెంచి మాటలతోనూ, జర్మన్ మాటలతోనూ నడిపి చూపారు. అధికారులు మెచ్చుకోకపోగా కంగారుపడ్డారు. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి, జర్మన్ ఎలా తెలుస్తాయని వారి సందేహం! చివరికి ఇంగ్లీషుతో మాత్రమే చేస్తామని ఒప్పించవలసి వచ్చింది. అలా తయారైనదే ఫ్లో-మేటిక్ భాష.

తెలుగు మీడియంలో చదివి కంప్యూటర్ అంటే జంకేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. యంత్రానికి ఏ భాషా సొంతం కాదు. దానికి కావలసినది తప్పు లేని క్రమం.

1950ల చివరికి ప్రతి కంపెనీ తన యంత్రానికి తనదైన భాష పెట్టుకుంది. యంత్రం మారితే ప్రోగ్రాములన్నీ మళ్లీ రాయాలి. అన్ని యంత్రాలకూ ఒకే వ్యాపార భాష ఉండాలని మేరీ హాస్ మొదలైనవారు పట్టుబట్టారు. 1959 మే 28, 29 తేదీలలో అమెరికా రక్షణ శాఖ కార్యాలయమైన పెంటగాన్‌లో సమావేశం జరిగింది. కమిటీ పనిచేసి కోబాల్ భాషను రూపొందించింది. జీన్ సామెట్ వంటివారు అందులో ప్రధాన పాత్ర వహించారు. గ్రేస్ హోపర్ సలహాదారు. ఆమె ఫ్లో-మేటిక్ భాషే కోబాల్‌కు ముఖ్య ఆధారమైంది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాంను కొద్దిపాటి మార్పులతో రెండు వేర్వేరు కంపెనీల యంత్రాలపై నడిపి చూపించారు.

అందరికీ ఒకే పరీక్ష

1966 చివర్లో వయసు కారణంగా ఆమెను నావికాదళ రిజర్వునుంచి విరమింపజేశారు. ఏడు నెలలకే 1967 ఆగస్టులో మళ్లీ పిలిచారు. ఆరు నెలల పని అన్నారు. అది 19 ఏళ్లు సాగింది. కారణం కోబాలే. పేరుకు ఒకటే భాష అయినా ఒక్కొక్క కంపెనీ కంపైలర్ ఒక్కొక్క రకంగా ప్రవర్తించేది. ఒకచోట నడిచిన ప్రోగ్రాం మరోచోట ఆగిపోయేది. తప్పు మాది కాదంటే మాది కాదని కంపెనీలు తప్పించుకునేవి.

గ్రేస్ హోపర్ బృందం వాదనకు దిగలేదు. పరీక్షా ప్రోగ్రాములు రాసింది. నియమం ప్రకారం ఈ పని చేస్తే ఈ ఫలితం రావాలి. వస్తే పాసు, రాకపోతే ఫెయిలు. పెద్ద కంపెనీ అయినా చిన్న కంపెనీ అయినా పరీక్ష ఒకటే. ఈ పరీక్షలవల్ల కంపెనీలు తమ లోపాలు దిద్దుకోక తప్పలేదు. తరువాత ఈ బాధ్యతను అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ తీసుకుంది. ఈ వరుసలో వచ్చిన పరీక్షల సమూహాన్నే ఇప్పటి ఓపెన్ సోర్స్ కోబాల్ కంపైలర్ అయిన గ్నూ కోబాల్‌ను సరిచూడడానికి కూడా వాడుతున్నారు. దిద్దుబాటు ఎవరు పంపినా పరీక్ష నెగ్గాలి. పంపినవారి దేశం, డిగ్రీ, ఇంటిపేరు ఆ పరీక్షకు తెలియవు.

కోబాల్‌కూ మన తెలుగువారికీ ఒక సంబంధం ఉంది. పాత ప్రోగ్రాములలో జాగా ఆదా కోసం సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసేవారు. 2000 సంవత్సరం వస్తే యంత్రం దాన్ని 1900గా అనుకుంటుందని ప్రపంచమంతా భయపడింది. అదే వై2కే సమస్య. ఆ పాత ప్రోగ్రాములు లైను లైనూ చదివి దిద్దడానికి వేలాదిమంది కావలసి వచ్చారు. 1990ల చివర్లో హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ సంస్థల్లో కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్లిన తెలుగు యువకులు ఎందరో. ఎక్కడివారో రాసిన తప్పును దిద్దే పనే వారికి బ్రతుకుదెరువు చూపింది.

చివరి రోజులు – గౌరవాలు

ఆమె 1973లో కెప్టెన్, 1983లో కమొడోర్ అయ్యారు. 1985లో ఆ హోదా పేరు రియర్ అడ్మిరల్‌గా మారింది. దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చేవారు. సుమారు ఒక అడుగు పొడవున్న తీగ ముక్కలు వెంట తీసుకెళ్లి అందరికీ పంచేవారు. సెకనులో నూరు కోట్లవ వంతు కాలంలో విద్యుత్తు మహా అయితే అంత దూరమే పోగలదని, ప్రోగ్రామర్లు కాలాన్ని వృథా చేయకూడదని కంటికి కనిపించేలా చెప్పడం ఆమె ఉద్దేశం. ఆమె ఆఫీసులో గోడ గడియారం ముళ్లు వెనక్కి తిరిగేవి. ఎప్పుడూ ఇలాగే చేశాం అనే వాదన ఆమెకు గిట్టదు. గడియారం అటు తిరిగినా సమయం చూడవచ్చని చూపడానికే అది.

1986 ఆగస్టులో 79 ఏళ్ల వయసులో పదవీ విరమణ చేసేనాటికి నావికాదళంలో క్రియాశీలంగా ఉన్న అధికారులందరిలో ఆమే పెద్ద. 1991లో అమెరికా జాతీయ సాంకేతిక పతకం అందుకున్నారు. 1992 జనవరి 1న 85వ ఏట కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 2016లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారాన్ని ఆమెకు మరణానంతరం ప్రకటించారు.

మరొక గౌరవం హాస్టల్ విద్యార్థులమైన మనకు మరింత దగ్గరిది. ఆమె చదివిన యేల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నివసించే ఒక కళాశాల భవనానికి 1930లనుంచి కాల్హూన్ అనే నాయకుని పేరుండేది. ఆయన అమెరికా ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు కానీ నల్లవారి బానిసత్వం మంచిదేనని వాదించినవాడు. బానిసలు పత్తి మోస్తున్న బొమ్మ అక్కడి గాజు కిటికీపై ఉండేది. 2016లో భోజనశాలలో పనిచేసే ఒక నల్లజాతి కార్మికుడు దాన్ని పగులగొట్టాడు. విద్యార్థులు ఏళ్లతరబడి ఆందోళన చేశారు. 2017లో విశ్వవిద్యాలయం ఆ పేరు తీసేసి గ్రేస్ హోపర్ పేరు పెట్టింది. ఎనభై ఏళ్లకు పైగా ఉన్న తప్పును కూడా దిద్దవచ్చని అక్కడి విద్యార్థులు నిరూపించారు.

మనం నేర్చుకోవలసినది

మిత్రులారా! తప్పు చెబితే ఎదుటివారికి కోపం వస్తుందని ఊరుకుంటాం. మన తప్పు ఎవరైనా చెబితే చిన్నబుచ్చుకుంటాం. ఈ రెండు అలవాట్లవల్లా తప్పు అక్కడే ఉండిపోతుంది. చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది. మెస్సులో భోజనం బాగాలేదని గోల చేస్తే ఎవరూ ఏమీ దిద్దలేరు. ఫలానా రోజు, ఫలానా పూట, పప్పు ఉడకలేదని రాసిస్తే దిద్దడానికి దారి దొరుకుతుంది. సీనియర్ నోట్సులో లెక్క తప్పుంటే మీ పుస్తకంలో మాత్రమే దిద్దుకుని ఊరుకోకండి. ఆ నోట్సు ఇచ్చినవారికి చెప్పండి, మీ తరువాత చదివేవారికి అందేలా పక్కన రాయండి. మీకు వచ్చినదాన్ని వండిన విధానంతో సహా ఇవ్వండి.

ఇప్పుడు ఓపెన్ సోర్స్ భాషలు ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని వాడవచ్చు, లోపల ఏముందో చదవవచ్చు. అందులో తప్పు పట్టుకున్న మొదటి మనిషి మన హాస్టల్ విద్యార్థే కావచ్చు. ఆ రోజు వచ్చినప్పుడు వెనుకాడకండి. ఏ వెర్షన్‌లో, ఎక్కడ, ఏమి రావాలి, ఏమి వచ్చింది అని వివరంగా రాసి పంపండి.